మురుగుకాలవలో వెండి

మంగళవారం ఉదయం 7.10. కాదంబినీ ఆపా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మనిషి లేదు.

ముందు చూసినవాడు నటబర మహారణా. రోజూలాగే పాల ప్యాకెట్ ఇవ్వడానికి వచ్చాడు. రెండుసార్లు పిలిచాడు. పలుకు లేదు. మంచం ఖాళీగా ఉంది. ఫోను టేబుల్ మీదే ఉంది. 7.25కి అతనే ఇన్‌స్పెక్టర్ దిబాకర్ సామల్‌కి ఫోన్ చేశాడు.

"దిబా, ఆపా కనబడటం లేదురా. వాళ్ళే ఏదో చేసుంటారు" అన్నాడు. 

వాళ్ళు ఎవరని దిబాకర్ అడగలేదు. కటక్‌లో రూపాసాహి వీధి గురించి తెలిసినవాడెవడూ ఆ ప్రశ్న అడగడు.

కాదంబినీ మిశ్రకి అరవై తొమ్మిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు ఆ వీధి చివరి స్కూల్లో లెక్కలు చెప్పింది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఆపాయే, అంటే టీచరమ్మే. దిబాకర్, నటబర ఆవిడ క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే స్కేలు దెబ్బలు తిన్నారు. ఒకడు పోలీసయ్యాడు. ఒకడు వెండి తీగపనిలో దిగాడు.

రెండు నెలల కిందట ఆపా పేరున హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం పడింది. రూపాసాహిలోని ముప్పై ఏడు కార్ఖానాలు ఆమ్లం కలిసిన కడుగునీళ్ళు మురుగుకాలవలోకి వదులుతున్నాయనీ, స్కూలు పిల్లల ఒంట్లోకి విషం పోతోందనీ ఫిర్యాదు. వెనక ల్యాబ్ రిపోర్టు జతచేశారు. పిటిషన్ వేసింది ఆపా. ఆవిడ మాటని ఎవరు కాదంటారు? మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఏడింటికీ సీలు పడింది.

దుర్గాపూజకి ఇంక మూడు వారాలే ఉంది. అమ్మవారి వెనక నిలబెట్టే వెండి మేఢ, నెత్తిన పెట్టే ముకుటం ఆ వీధిలోనే తయారవుతాయి. ఏడాది కడుపు నింపే పని అదే.

గురువారం 10.30కి తుది విచారణ. నమూనా నీళ్ళు ఎలా తీసిందీ పిటిషనర్ స్వయంగా వచ్చి చెప్పాలని ఈసారి ఆదేశం. సరిగ్గా రెండు రోజుల ముందు ఆ పిటిషనరే మాయం.

దిబాకర్ ఇల్లంతా చూశాడు. పెనుగులాడిన గుర్తుల్లేవు. తలుపు గడియ విరగలేదు. బీపీ మాత్రల డబ్బా లేదు. చేతికర్ర లేదు. కళ్ళజోడు కూడా లేదు.

"ఎత్తుకెళ్ళేవాడు మాత్రలు గుర్తుపెట్టుకుని మరీ పట్టుకెళతాడా?" అన్నాడు.

"భయపెట్టి బయల్దేరదీశారేమో" అన్నాడు నటబర.

దిబాకర్ వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద కుండ ఉంది. కడిగి, బోర్లించి ఉంది.

ఆ కుండ దగ్గర అతను చాలాసేపు నిలబడ్డాడు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున పఖాళ తినడం ఆపాకి నలభై ఏళ్ళ అలవాటు. జ్వరం వచ్చినా మానలేదు. భర్త పోయిన మర్నాడు కూడా, ఎవరో బతిమాలితే, ఆ చద్దన్నమే నాలుగు ముద్దలు తింది. అలాంటి మనిషి సోమవారం రాత్రి అన్నం నానెయ్యలేదు.

అంటే, మర్నాడు పొద్దున తను ఇక్కడ ఉండనని ఆవిడకి ముందే తెలుసు.

దిబాకర్ ఈ మాట పైకి అనలేదు. ఎందుకనలేదో అప్పటికి అతనికే తెలీదు.

మధ్యాహ్నం 12.40కి పైనుంచి ఫోన్ వచ్చింది. ఖగేశ్వర్ సాహుని లోపల వెయ్యమని. రూపాసాహిలో అందరికన్నా పెద్ద పనివాడు అతనే. నటబరకి గురువు, వీధి కుర్రాళ్ళందరికీ మౌసా, అంటే బాబాయి. ఆదివారం సాయంత్రం నడివీధిలో, నలుగురు వింటుండగా, "ఆపా కోర్టు మెట్టు ఎలా ఎక్కుతుందో నేనూ చూస్తాను" అని అరిచాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఖగేశ్వర్ చేతికి ఉన్న నాజూకు నోటికి లేదు.

గురువారం లోపల ఆపా దొరక్కపోతే ఆ అరుపే సాక్ష్యమవుతుంది. పిటిషనర్‌ని పనివాళ్ళే మాయం చేశారన్న మాట కోర్టు దాకా పోతుంది. ఆ తరవాత కార్ఖానాలు తెరుచుకోవడం కల్ల. ఖగేశ్వర్‌కి జైలు ఖాయం.

మూడున్నరకి దిబాకర్ లాకప్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో పిటిషన్ కాపీ ఉంది.

"ఆపా ఎక్కడుంది, మౌసా?"

"నాకేం తెలుసు?"

"మెట్టు ఎక్కనివ్వనన్నావు."

"కోపంలో అన్నాను. ఆవిడ చేతి దెబ్బలు నా కూతురు కూడా తింది. ఆవిడ మీద చెయ్యేస్తానట్రా?"

"ఈ పిటిషన్ చదివావా?"

"ఇంగ్లీషు కాయితం నేనేం చదువుతాను. నీళ్ళు పాడుచేస్తున్నామని రాశారని చెప్పారు. అంతే."

దిబాకర్ ల్యాబ్ రిపోర్టు తీసి వాళ్ళ భాషలో చదవడం మొదలుపెట్టాడు. ఖగేశ్వర్ కార్ఖానా ముందున్న మురుగుకాలవ నీళ్ళు. ఆమ్లం ఇంత. రాగి ఇంత. వెండి లీటరుకి నాలుగు వందల మిల్లీగ్రాములు.

"ఆగు. వెండి ఎంతన్నావు?"

మళ్ళీ చదివాడు. ఖగేశ్వర్ కటకటాలు పట్టుకుని లేచాడు. మూడోసారి చదివించుకున్నాడు. తరవాత కటకటాలు వదిలేసి కూర్చున్నాడు. 

"ఏమైంది, మౌసా?"

"నన్నిక్కడే ఉంచెయ్యి, దిబాకర్. బయటికి రావాలని లేదు."

కారణం అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం 5.15కి దిబాకర్ రూపాసాహికి వెళ్ళాడు. సీలు వేసిన కార్ఖానా ముందు ఖగేశ్వర్ కూతురు సేబతి మెట్లు ఊడుస్తోంది. ఊడ్చిన దుమ్ము కాలవలోకి నెట్టలేదు. పాత పేపరు ముక్కలోకి ఎత్తి, పొట్లం కట్టి, చీర చెంగున ముడేసుకుంది.

"దుమ్ము దాచుకుంటున్నావేం?"

"అలవాటు, భాయినా" అంది సిగ్గుపడుతూ. వీధిలో తనకంటే పెద్దవాళ్ళందరూ ఆమెకి భాయినాలే, అంటే అన్నలే. "పని ఆగి నెలయినా చెయ్యి ఊరుకోదు. ఇందులోనూ ఎంతో కొంత వెండి ఉంటుంది. మా దుమ్ము పారేస్తే నాన్న చంపేస్తాడు."

దిబాకర్ ఆ పొట్లం వైపు చూశాడు. తరవాత పక్కనే పారుతున్న మురుగుకాలవ వైపు చూశాడు. 

"కడుగునీళ్ళు ఏం చేస్తారు?"

సేబతి చెప్పింది. దిబాకర్ ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. వాటికీ చెప్పింది. రెండో జవాబు విన్నాక అతను మెట్ల మీద కూర్చుండిపోయాడు. ముగ్గురు మనుషులు. అందులో ఇద్దరి పేర్లు కొట్టేయడానికి నిమిషం పట్టలేదు. మూడో పేరు కొట్టేయడానికి దారి దొరుకుతుందేమోనని చీకటి పడేదాకా వెతికాడు.

దొరకలేదు.

బుధవారం ఉదయం 8.05కి వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టుకి వెళ్ళాడు. రూపాసాహిలో అందరూ తినేది ఉప్పుడు బియ్యం. ఆపా ఒక్కతే పచ్చిబియ్యం. భర్త పోయినప్పటి నుంచి, అక్కడి ఆచారం ప్రకారం, ఆవిడ ఉప్పుడు బియ్యం ముట్టలేదు. ఆవిడని ఎవరు దాచినా, ఆవిడ కోసం వేరే ఎసరు పెట్టాలి.

"ఈ వారం పచ్చిబియ్యం ఎవరు కొన్నారు?" అని అడిగాడు.

కొట్టువాడు ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది.

"ఆపా తప్పిస్తే ఎవరు కొంటారు సార్? ఆఁ, సోమవారం సాయంత్రం నటా రెండు కిలోలు పట్టుకెళ్ళాడు. ఏరా, మీ ఇంట్లో చేపల కూరలోకి ఈ బియ్యమేంటని నేనే వేళాకోళం చేశాను."

దిబాకర్ నవ్వలేదు. నిన్న మధ్యాహ్నం నటబర అతనికి పెరుగువడల దహీబరా తెచ్చిపెట్టాడు. "పొద్దుణ్నించీ తిండి లేకుండా తిరుగుతున్నావు, తినరా" అన్నాడు. పక్కన కూర్చుని, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందని ఒక్కొక్కటే అడిగాడు. దిబాకర్ తింటూ అన్నీ చెప్పాడు. కుండ సంగతి ఒక్కటే చెప్పలేదు.

 నది అవతల ఊళ్ళో నటబర చెల్లెలి ఇల్లు ఉంది. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళని జీపులో అక్కడికి పంపాడు.

సాయంత్రం 4.30. రూపాసాహి పూజామండపం.

వెదురు కర్రలు మాత్రమే నిలబెట్టిన మండపంలో ఐదు కుర్చీలు వేయించాడు. ఖగేశ్వర్ సాహుని స్టేషన్ నుంచి తీసుకొచ్చారు. పక్కన సేబతి. ఎదురుగా లాయర్ ప్రత్యూష్ మహాపాత్ర, ఆపా తరఫున పైసా తీసుకోకుండా పిటిషన్ వేసినవాడు. పైసా తీసుకోలేదు గానీ పేపర్లో ఫోటోలు మాత్రం బాగానే తీయించుకున్నాడు. నాలుగో కుర్చీలో నటబర. ఐదోది ఖాళీ. వీధంతా మండపం చుట్టూ నిలబడింది.

"లాయర్ గారూ, ఈ అఫిడవిట్ ఎవరు రాశారు?" దిబాకర్ మొదలుపెట్టాడు.

"నేనే."

"నమూనాని నా చేతులతో కాలవలోంచి తీశాను అని ఆపా చెప్పినట్టు ఉంది. ఆవిడ మీతో అలా చెప్పిందా?"

లాయరు కాలర్ సర్దుకున్నాడు. "అది మామూలుగా రాసే వాక్యం. అన్ని పిటిషన్లలోనూ ఉంటుంది. సంతకం ఆవిడదే."

"తీసిన రోజు?"

"రథయాత్ర రోజు. ఉదయం పదకొండింటికి."

"ల్యాబ్‌లో ఇచ్చిన టైము 2.15. రసీదు ఉంది. వెండి నాలుగు వందల మిల్లీగ్రాములు. ఈ అంకె చూసి మీకేమనిపించింది?"

"భయంకరమైన కాలుష్యం అనిపించింది. దాని మీదే కదా సీలు పడింది."

"అందరికీ అలాగే అనిపించింది. నేను రెండు నెలల్లో పదిసార్లు చదివాను. నాకూ అలాగే అనిపించింది" అన్నాడు దిబాకర్. "మౌసాకి మాత్రం అంకె వినగానే అర్థమైంది."

ఖగేశ్వర్ తల ఎత్తలేదు.

"ఒక్కో కార్ఖానాలో రోజుకి ఇరవై లీటర్ల కడుగునీళ్ళు వస్తాయి. లీటరుకి నాలుగు వందల మిల్లీగ్రాములంటే రోజుకి ఎనిమిది గ్రాముల వెండి. ఎనిమిది గ్రాముల వెండిని రోజూ మురుగుకాలవలో పోసే పనివాడు ఈ వీధిలో పుట్టాడా?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"వీళ్ళు గుమ్మం ఊడ్చిన దుమ్ము పారేయరు. చేతులు తుడిచిన గుడ్డ పారేయరు. కడుగునీళ్ళన్నీ వెనకగదిలో బానలో పోస్తారు. వెండి అడుక్కి దిగుతుంది. ఏడాదికోసారి మడ్డిలోంచి వెండి ఏరే జలగడుగువాళ్ళు వచ్చి బాన మొత్తం ఎత్తుకెళతారు. పైన తేరిన నీళ్ళు మాత్రమే కాలవలోకి పోతాయి. వాటిలో ఇంత వెండి ఉండదు. ఆ సీసాలో నీళ్ళు కాలవవి కావు. బాన కలియబెట్టి ముంచినవి."

దిబాకర్ పిటిషన్ కాపీ మడిచి జేబులో పెట్టాడు.

"బాన ఉన్న గదికి తాళం ఉంటుంది. తాళంచెవులు మూడు. మౌసా, సేబతి, ఇంకొకరు. రథయాత్ర రోజు వీధి మొత్తం కట్టగట్టుకుని పూరీ వెళ్ళింది. మౌసా, సేబతి ఆ గుంపులోనే రథం తాడు లాగారు. పది మంది సాక్షులున్నారు. ఆ రోజు ఒక్క కార్ఖానా తెరవలేదు. కాలవలోకి చుక్క కడుగునీళ్ళు పోలేదు. కార్ఖానా దేవుడి దగ్గర దీపం పెట్టడానికి ఒక్కడు ఉండిపోయాడు. మూడో తాళంచెవి అతని దగ్గరుంది."

అందరి తలలూ ఒక్క కుర్చీ వైపు తిరిగాయి.

"ఎవరూ ఉండరని ఆ రోజు ఎంచుకున్నావు" అన్నాడు దిబాకర్. "ఎవరూ లేకపోతే కాలవలో కడుగునీళ్ళు కూడా ఉండవని మర్చిపోయావు, నటా."

నటబర నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏంట్రా దిబా. నా ఇంట్లో కూడా పొయ్యి ఆరింది. నా పని నేనే ఆపుకుంటానా?"

"సోమవారం రెండు కిలోల పచ్చిబియ్యం కొన్నావు. ఎవరికి?"

 మండపం బయట జీపు ఆగింది. చేతికర్ర చప్పుడు వినబడింది. గుంపు దానంతటదే విడిపోయి దారి ఇచ్చింది.

కాదంబినీ ఆపా వచ్చి ఖాళీగా ఉన్న ఐదో కుర్చీలో కూర్చుంది. రెండు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డట్టుంది. మండపంలో అడుగుపెట్టిందగ్గర్నుంచి నటబర వైపు చూడలేదు.

దిబాకర్ అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెప్పింది. పిల్లలు దగ్గుతున్నారని ఆవిడ బాధపడుతుంటే, కేసు వేద్దామన్నది నటబరే. సీసా తెచ్చింది అతనే. కాలవలో తీశానన్నాడు, నమ్మింది. కోర్టు కాగితాల్లో ఏముందో అతనే చెప్పాడు, చదవకుండానే సంతకం పెట్టింది. సోమవారం వచ్చి, మౌసా మనుషులు కొట్టడానికి వస్తున్నారనీ, లాయరుగారు వాయిదా అడిగారనీ, వారం రోజులు చెల్లెలి ఇంట్లో ఉండమనీ అన్నాడు. ఫోను తెస్తే జాడ తెలిసిపోతుందన్నాడు. మంగళవారం తెల్లవారుజామున 4.50కి ఆటో తెచ్చాడు, ఇంటి తాళం తను వేస్తానన్నాడు.

"ఆవిడ కోర్టులో నిలబడి సీసా నటా ఇచ్చాడని ఒక్క మాట అంటే చాలు, నీ పని అయిపోతుంది" అన్నాడు దిబాకర్. "అందుకే దాచావు. ఆ నేరం మౌసా నెత్తిన పడుతుందని కూడా నీకు తెలుసు. నాకు ఫోన్ చేసినప్పుడే, వాళ్ళే ఏదో చేసుంటారన్నావు."

"వాడు నా ఇంట్లో పెరిగాడు" అన్నాడు ఖగేశ్వర్ నేల చూస్తూ. "ఇరవై నాలుగేళ్ళు. పదహారేళ్ళ వయసులో నా దగ్గరికొచ్చాడు. తాళంచెవి నా కడుపున పుట్టిన కూతురికంటే ముందు వాడికిచ్చాను."

అప్పుడు నటబర లేచాడు. ఇంక దాచడానికేం మిగల్లేదని అతనికి తెలిసిపోయింది.

"తాళంచెవి ఇచ్చావు. పేరు ఇచ్చావా?" అన్నాడు. "పదకొండు ముకుటాలు. పదకొండూ ఈ చేతులే చేశాయి. ఈ మండపంలో ప్రతి ఏడూ పిలిచింది నీ పేరే. పోన్లే, గురువు కదా అనుకున్నాను. నీ తరవాత నేనే కదా అనుకున్నాను. అక్షయ తృతీయ నాడు ఈ ఏడు ముకుటం సేబతి చేస్తుందన్నావు. ముందు నాకో మాట చెప్పావా? నలుగురిలో విన్నాను." దిబాకర్ వైపు తిరిగాడు. "నువ్వు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టావు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి నా మొహం చూశావట్రా?"

చూడలేదు. దిబాకర్‌కి ఆ రోజు గుర్తుంది. చప్పట్లు కొట్టడం కూడా గుర్తుంది. 

"నీకు మౌసా మీద కోపం" అన్నాడు దిబాకర్. "మిగతా ముప్పై ఆరు పొయ్యిలు ఎందుకు ఆర్పావు?"

"ఒక్క కార్ఖానా మీద వేస్తే పగ అంటారు. వీధి మొత్తం మీద వేస్తే ప్రజా ప్రయోజనం అంటారు."

లాయరు తల దించుకుని ఫైలు మూశాడు. సేబతి ఏడుస్తోంది. అడిగి ఉంటే ముకుటం నీకే ఇచ్చేసేదాన్ని కదా భాయినా అని వెక్కిళ్ళ మధ్య అంటోంది. ఆ మాటే నటబరకి అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

దొంగసాక్ష్యం సృష్టించడం, తప్పుడు అఫిడవిట్, పిటిషనర్‌ని మాయమాటలతో దాచడం. దిబాకర్ అన్నీ రాసుకున్నాడు. చేతికి బేడీ వేయడం కానిస్టేబుల్‌కి వదల్లేదు. తనే వేశాడు. అప్పుడు ఆపా మొదటిసారి నటబర వైపు చూసింది.

"లెక్కలో ప్రతి మెట్టూ సరిచూసుకోమని మీకు ముప్పై నాలుగేళ్ళు చెప్పాను" అంది. "నువ్వు తెచ్చావని నేనొక్కసారి చూసుకోలేదు. తప్పు నాదేరా."

నటబర ఆవిడ కాళ్ళకి వంగబోయాడు. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

గురువారం 10.30కి ఆపా కోర్టులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. 11.50కి పిటిషన్ కొట్టేశారు. సీళ్ళు తీయమన్నారు.

మూడింటికల్లా రూపాసాహిలో తాళాలు తెరుచుకున్నాయి. మూడు వారాల్లో చేయాల్సిన పని కొండంత ఉంది. ముప్పై ఏడు కార్ఖానాల్లోనూ ఒకేసారి దీపాలు ముట్టించారు, ఆమ్లం వేడిచేశారు. వీధి పండగలా ఉంది. పిల్లలు మిఠాయి పంచుతున్నారు. ఎవరో దిబాకర్ నోట్లో రసగుల్లా కుక్కారు.

ఆపా స్కూలు గేటు దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. దిబాకర్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కార్ఖానాల మీంచి పసుపుపచ్చటి పొగ లేచి, గోడ దాటి, నెమ్మదిగా స్కూలు కిటికీల్లోకి పోతోంది. ఐదో క్లాసులో ఒక పిల్ల దగ్గింది. దాని వెనక ఇంకొకడు దగ్గాడు. టీచరు లేచి కిటికీలు మూసింది.

"కాలవ సంగతి అబద్ధంరా" అంది ఆపా. "ఈ పొగ నిజం. నేను కేసు వెయ్యాలనుకున్నది దీని గురించే. కాలవైతే ల్యాబ్‌లో చూపించొచ్చు, గట్టిగా నిలబడుతుందని వాడే మార్పించాడు."

"మళ్ళీ వేద్దాం ఆపా. ఈసారి నమూనా నేను దగ్గరుండి తీయిస్తాను."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూడటం కంటే ఏడుపు చూడటం నయమనిపించింది దిబాకర్‌కి.

"ఎవరు నమ్ముతారు? ఆపా అందంటే చాలు, వెనకాముందూ చూడకుండా నమ్మే వీధి ఒకటుండేది. వాడు దొంగిలించింది బానలో నీళ్ళు కాదు, దిబా. ఆ నమ్మకం."

లోపల దగ్గు ఆగలేదు. ఆపా కాసేపు విని, చేతికర్ర ఆనించుకుంటూ ఇంటివైపు నడిచింది. కార్ఖానాల ముందు నిలబడ్డవాళ్ళు ఆవిడకి దారి ఇచ్చారు. మామూలుగా అయితే వంగి నమస్కారం పెట్టేవాళ్ళు. ఆ రోజు ఎవరూ పెట్టలేదు.